గుమ్మం దాటిన చెయ్యి

నిన్న మధ్యాహ్నం ఓపీ అయిపోవచ్చింది, ఇంక లేచి ఇంత అన్నం తినొచ్చు అనుకుంటుండగా ఒకామె ఆరేళ్ళ కొడుకుని రెక్క పట్టుకుని లోపలికి లాక్కొచ్చింది. వాడు చెయ్యి చాచేలోపే వాసన వచ్చేసింది. పసుపు, వేపాకు కలిపి నూరి రాస్తే చర్మం మీద ఆరుతున్నప్పుడు వచ్చే చేదు వాసన. అంతకు ముందు నేనే ఆ చేతికి పరీక్ష సూది వేసి, మూడో రోజు మళ్ళీ వచ్చేదాకా దాని మీద ఏమీ రాయొద్దని చిలక్కి చెప్పినట్టు చెప్పి పంపాను. “దురదెడతందని ఏడిత్తంటే మా అత్త రాసేసిందమ్మా. నానొద్దనే అన్నాను,” అంది ఆమె. తిట్టడానికి కూడా ఓపిక లేదు. పొద్దుటి నుంచి నిలబడి నిలబడి మోకాళ్ళు నావి కానట్టున్నాయి. వాడి చేతిని నా ఒళ్ళో పెట్టుకుని, కళ్ళు మూసుకుని, చూపుడువేలితో ఆ చోటు మెల్లగా తడిమాను. “నిద్దరొత్తందేటమ్మా?” అని అడిగిందా తల్లి. ఎగతాళిగా కాదు, నిజంగానే జాలిపడి అడిగింది.

నవ్వొచ్చింది. నాకు ఇలా కళ్ళు మూసుకుని చూడడం నేర్పిన మనిషి ఈ మాట ఎన్ని ఊళ్ళలో, ఎంతమంది తల్లుల చేత అనిపించుకుందో లెక్క లేదు. ఆవిడ పేరు డాక్టర్ సన్యాసమ్మ. అనకాపల్లిలో మా ఆసుపత్రి టీబీ విభాగానికి ఆవిడ డాక్టరు, నేను నర్సుని. మెడిసిన్ చదివేటప్పుడు ఆ పేరు బాగాలేదు, మార్చుకొమ్మని తోటివాళ్ళంతా పోరారట. “ఎందుకు మార్సుకోవాలి? మా అమ్మ మొక్కుకుని ఎట్టింది. మందు సీటీ మీద ఏ పేరుంటే ఏటి, మందు పన్జేత్తాది కదా,” అనేవారు. ఎస్. రాయవరం వైపు చెరకు రైతుల ఇంటి పిల్ల. ఎంత చదివినా ఆ మాట తీరు వదల్లేదు. పెద్ద డాక్టర్ల మీటింగుల్లో కూడా అదే యాస. పొట్టి మనిషి, లావు, ఎప్పుడూ నేత చీర, చేతిలో అరటిపండ్ల సంచి. దారిలో ఆకలేస్తే తినడానికని తెచ్చుకుని, దారి పొడవునా పిల్లలకి పంచేసి, తిరుగు ప్రయాణంలో ఆకలో అని ఏడ్చేవారు.

ఆవిడ గురించి రాయాలంటే ముందు ఆవిడ అలసట గురించి రాయాలి. బాగా పనిచేసేవాళ్ళని మెచ్చుకునేటప్పుడు అలుపెరుగని మనిషి అంటారు కదా, ఆ మాట మేడమ్ చెవిన పడితే ఒళ్ళు మండేది. ఆవిడకి రోజూ అలుపే. జీపు ఎక్కగానే కిటికీ ఊచకి తల ఆనించి “ఈ రోజు నాను మనిసిని కాదే సుజాతా. నన్నెవలూ ఏటీ అడక్కండి,” అనేవారు. ఊరు రాగానే దిగిపోయేవారు. అంతే. దిగేముందు ముఖానికి నవ్వు పులుముకోవడం, నాకేం అలసట లేదన్నట్టు నటించడం ఆవిడకి చేతకాదు. అలిసిపోయిన ముఖంతోనే దిగి, ఆ ముఖంతోనే అరుగు మీద కూర్చుని, పిల్లల్ని ఒక్కొక్కళ్ళనీ ఒళ్ళోకి తీసుకునేవారు. అప్పటిదాకా నేను చూసిన పెద్దవాళ్ళందరూ అలసటని దాచుకున్నవాళ్ళు, లేదా అలసట చెప్పి పని ఎగ్గొట్టినవాళ్ళు. ఈ రెండూ కాకుండా బతకొచ్చని నాకు ఆవిడని చూశాకే తెలిసింది.

చదివేవాళ్ళకి మా పని గురించి కొంచెం చెప్పాలి. ఇంట్లో పెద్దవాళ్ళకి ఎవరికైనా టీబీ వస్తే, ఆ ఇంట్లో తిరిగే పిల్లల ఒంట్లోకి కూడా ఆ క్రిమి వెళ్ళిపోయి ఉండొచ్చు. వెళ్ళినంత మాత్రాన జబ్బు రాదు. అది లోపల నిద్రపోతుంది. పిల్ల ఆడుతుంది, తింటుంది, బడికి వెళ్తుంది. ఎప్పుడో ఒంట్లో సత్తువ తగ్గినప్పుడు అది లేస్తే మాత్రం పిల్లల్ని చాలా పాడుచేస్తుంది. అందుకని నిద్రలో ఉండగానే కనిపెట్టి మందు వేయాలి. ముంజేతి చర్మం కింద చిన్న సూది వేస్తాం, మూడో రోజు అక్కడ గట్టిపడిందేమో చూస్తాం, గట్టిపడితే క్రిమి లోపలున్నట్టే. చెప్పడానికి ఇంతే. కానీ గంతులేస్తున్న పిల్లని చూపించి దీనికి నెలల తరబడి మందు మింగించాలి అంటే ఏ తల్లి ఒప్పుకుంటుంది? “రోగం లేని గుంటకి మందేటమ్మా?” అనే మాట నేను విన్నన్ని సార్లు నా పేరు కూడా విని ఉండను.

మేడమ్ ఆ మాటకి ఎప్పుడూ విసుక్కోలేదు. అది న్యాయమైన ప్రశ్న అనేవారు. చెరకు పండించే ఊళ్ళలో ఆవిడ అడిగేది ఒకటే. “బెల్లం వండేక పొయ్యిలో మంట ఆరిపోద్ది కదా. తెల్లారి ఆ బూడిద కెలికితే ఏటుంటాది అడుగున?” నిప్పుంటాది అనేవాళ్ళు. “ఆ పొయ్యి పక్కన సెరుకు సెత్త ఏత్తావేటి నువ్వు?” వెయ్యం అనేవాళ్ళు. “మరి నీ పిల్లలో ఉన్న నిప్పునెందుకొగ్గేత్తన్నావు?” కొందరు ఒప్పుకునేవాళ్ళు. చాలామంది నవ్వి, తలూపి, మూడో రోజు పిల్లని అమ్మమ్మ గారింటికి పంపించేసేవాళ్ళు. మేము వెళ్ళేసరికి ఇంటికి తాళం.

చెయ్యి చూడడం ఆవిడ నాకు నేర్పింది ఈ ఆసుపత్రి వరండాలోనే. చేరిన కొత్తలో సూది వేసిన చోట ఎర్రగా కనిపిస్తే చాలు, స్కేలు పెట్టి కొలిచేసేదాన్ని. మేడమ్ నా చేతిలోంచి స్కేలు లాక్కున్నారు. “ఎరుపుని నమ్మకు. గోకినా ఎర్రబడతాది, దోమ కుట్టినా ఎర్రబడతాది. గట్టిగా ఉందా లేదా, అదొక్కటే మనకి కావాలి. కళ్ళు తెరిసుంటే నీ బుర్ర ఎరుపెనకే పోద్ది. మూసీ.” మూశాను. బయటి నుంచి లోపలికి వేలితో మెల్లగా జరుపుకుంటూ వెళ్తే ఒకచోట చర్మం కింద గట్టు తగిలింది. పొలం గట్టు చీకట్లో కాలికి తగిలినట్టు తగిలింది. “అక్కడాగు. అదీ హద్దు,” అన్నారు. ఆ రోజు నేను తడిమింది ఆవిడ చెయ్యే, నాకు నేర్పడానికని ముందే దాని మీద సూది వేయించుకున్నారు. ఇన్నేళ్ళు ఈ రోగుల మధ్య తిరిగిన మనిషి కదా, ఆవిడలోనూ అది నిద్రపోతూనే ఉంది.

నేనేమీ గొప్ప సేవాభావంతో ఈ విభాగంలోకి రాలేదు. వేశారు, వచ్చాను. మొదటి ఏడాది తిరిగేసరికి కాన్పుల వార్డుకి మార్చమని పెద్దసారు దగ్గరికి వెళ్ళాలని నిశ్చయించుకున్నాను. అక్కడ పిల్ల పుట్టగానే స్వీట్లు పంచుతారు, నర్సమ్మ చెయ్యి చల్లనిది అంటారు. ఇక్కడ ఏముంది? తలుపులు వేసుకునే మొహాలు, ఎండ, దుమ్ము. ఆ మాటే జీపులో మేడమ్ తో అనేశాను. ఆవిడ కళ్ళు మూసుకునే విన్నారు. “నిజమే. పుట్టిందంటే పండగ సేసుకుంటారు. ఏటీ అవ్వలేదంటే ఎవులు మిఠాయి పంచుతారే? నీకు మిఠాయి కావాలంటే ఎళ్ళు. నానేటీ అనుకోను,” అన్నారు. కోపంగా అని ఉంటే వెళ్ళిపోయేదాన్నేమో. అంత మామూలుగా అనేసరికి ఎటూ వెళ్ళలేకపోయాను.

ఆవిడకి ఒక అలవాటుండేది. మందు వేస్తున్న పిల్లల ఊళ్ళ నుంచి నేను ఫోన్లలో కబుర్లు కనుక్కునేదాన్ని. సాయంత్రం జీపు అనకాపల్లి దారి పట్టాక “ఆ కోటవురట్ల పిల్లకి ఏటైనా అయ్యిందా?” అని అడిగేవారు. “ఏమీ కాలేదు మేడమ్,” అనేదాన్ని. “ఆ కవలపిల్లలకి?” “వాళ్ళకీ ఏమీ కాలేదు.” అప్పుడు గట్టిగా ఊపిరి వదిలి నిద్రపోయేవారు. ఆవిడకి అదే జోలపాట. ఇదేం పిచ్చి ప్రశ్న, ఏదైనా అయితే వాళ్ళే చెప్తారు కదా అనుకునేదాన్ని, గొలుగొండ వైపు ఒక ఊరి పిల్లవాణ్ణి చూసేదాకా.

వాడి తండ్రికి జబ్బు. పిల్లవాడికి వెంటనే మందు మొదలుపెట్టాలని మేడమ్ రెండుసార్లు వాళ్ళింటికి వెళ్ళి చెప్పారు. కొండ పొలం పనుల రోజులు, పనులయ్యాక తీసుకొస్తామన్నారు. పనులయ్యాక తీసుకొచ్చారు కూడా. అప్పటికి పిల్లవాడి మెడ బిగుసుకుపోయింది, ఫిట్సు వస్తున్నాయి. లోపలున్నది మెదడుకి పాకింది. పెద్దాసుపత్రికి పంపితే బతికాడు. కానీ ఆ తర్వాత వాడికి చెవులు వినపడలేదు, పిలిస్తే తిరిగి చూసేవాడు కాదు. వాళ్ళమ్మ వాడి పక్కన కూర్చుని పేరు పెట్టి పిలుస్తూనే ఉండేది. ఆ రోజు తిరిగొస్తూ మేడమ్ ఎవరి గురించీ అడగలేదు, పడుకోలేదు. తాళ్ళపాలెం దాటాక ఒక్క మాట అన్నారు. “మూడోసారి ఎల్లాల్సింది. ఆ రోజు ఓపిక్లేక ఎల్లలేదే.” నాకు ఏడుపొచ్చింది. అందులో ఆవిడ తప్పేమీ లేదని నాకు తెలుసు, ఆవిడకీ తెలుసు. తెలిసినంత మాత్రాన ఆ బరువు దిగదు.

లోవ అనే పిల్ల సంగతి దాని తర్వాత జరిగింది. నాతవరం అవతల ఒక ఊళ్ళో అప్పలనాయుడు అనే ముసలాయనకి టీబీ అని తేలింది. కొడుకు వలస పనికి వెళ్ళిపోయాడు, కోడలు చెరకు పనులకి పోతుంది. ఎనిమిదేళ్ళ మనవరాలు లోవకుమారి తాతతోనే లోకం. ఆయన కంచంలో తినడం, ఆయన పక్కన పడుకోవడం. ఇంటి పెత్తనం అంతా నానమ్మ నూకాలమ్మది. సూది వేసిన రోజు ఆ పిల్ల ఏడవలేదు, చెయ్యి చాచి “తాతకేసింది కూడా ఇదేనా?” అని అడిగింది. దగ్గు లేదు, జ్వరం లేదు, చలాకీగా ఉంది. మూడో రోజు వెళ్ళాం. వీధి మొదట్లోంచే కనిపించింది, గుమ్మానికి రెండు వైపులా వేపమండలు.

నూకాలమ్మ గుమ్మంలోనే అడ్డంగా నిలబడింది. “ఆగిపోండి. మా ఇంట్లోకి తల్లొచ్చింది,” అంది. ఆ వారం ఆ వీధిలో ఇద్దరు పిల్లలకి అమ్మవారు పోసింది. లోవ చేతి మీద కూడా సూది చోట ఎర్రగా పొంగి, మధ్యలో చిన్న నీటి పొక్కు లేచింది. అది చూసి ఆవిడ అమ్మవారనే అనుకుంది. ఇంక ఆ ఇంట్లో తాళింపు లేదు, తలదువ్వడం లేదు, పిల్ల వేపాకుల మీద పడుకుంది. నీళ్ళు పోసేదాకా బయటివాళ్ళు గుమ్మం దాటకూడదు, వాళ్ళ కంట పిల్ల పడకూడదు, ఒంటి మీద ఇంగ్లీషు మందు పడకూడదు. నేను ఊరుకోలేక, అది అమ్మవారు కాదు మామ్మా, మేము వేసిన సూది పొంగు అన్నాను. అంతే, ఆవిడ ముఖం మాడిపోయింది. “తల్లిని కాదంతావేటి? నీ నోట్లో పుల్లెట్ట! ఎల్లండి బాబూ, ఎల్లిపోండి.”

ఇప్పుడు వెళ్ళిపోతే ఏమవుతుందో నాకు తెలుసు. ఆ రోజు చూడకపోతే చేతి పొంగు దిగిపోతుంది, సూది వృథా. మళ్ళీ సూది అంటే ఆ ఇంట్లో ఎవరూ ఒప్పుకోరు. అమ్మవారిని రప్పించిన సూది అని ఊరంతా చెప్పుకుంటారు. గొలుగొండ పిల్లవాడు నా కళ్ళ ముందు కదిలాడు. మేడమ్ వైపు చూశాను. ఆ రోజు ఆవిడకి జ్వరం, వస్తున్నంతసేపూ వెనక్కి వెళ్ళిపోదామా అన్నారు. ఆవిడ చెప్పులు విప్పారు. గుమ్మం పక్కన గోలెంలో నీళ్ళు ముంచుకుని కాళ్ళు కడుక్కున్నారు. మెల్లగా, మోకాళ్ళు పట్టుకుని, గుమ్మానికి ఇవతల నేల మీద కూలబడ్డారు.

“నూకాలమ్మా, నీకు అబద్దం సెప్పను,” అన్నారు. “అది తల్లి కాదనే నా మనసుకి అనిపిత్తంది. ఒకేళ తల్లే అయితే నాను ఈ గుమ్మం దాటితే తప్పు. అందుకే దాటను. ఈ గుమ్మం నీది. నువ్వు రమ్మంటేనే వత్తాను.”

“మరెందుకు కూకున్నావు?”

“కాళ్ళు నొప్పులు. కూసేపు కూకోనీ.”

ఆవిడ నిజంగానే కూర్చున్నారు. పానకం చేశారా, పిల్ల ఏం తింటోంది, వీధిలో పిల్లలకి తగ్గిందా అని అడిగారు. నూకాలమ్మ మొదట ముక్తసరిగా, తర్వాత కొంచెం ధారాళంగా జవాబులు చెప్పింది. చివరికి తనూ లోపలి వైపు గుమ్మం దగ్గర చతికిలబడింది. గుమ్మానికి అటొకరు ఇటొకరు, ఇద్దరికీ మోకాళ్ళ నొప్పులే, వాటి గురించి చాలాసేపు మాట్లాడుకున్నారు. నాకు ఎండలో కళ్ళు తిరుగుతున్నాయి. ఇక్కడ కబుర్లేమిటి భగవంతుడా అనుకుంటున్నాను.

“సూడకూడదంతావు, అంతేనా? కంట పడకూడదు,” అన్నారు మేడమ్ ఉన్నట్టుండి.

“పడకూడదు. దిష్టి. తల్లికి కోపమొత్తాది.”

“నాకు సూపుతో పనేలేదమ్మా. నాను ఎప్పుడూ కళ్ళు మూసుకునే సూత్తాను. కావాలంటే ఈ పిల్లనడుగు. గుంటని తలుపెనకాలే ఉండమను. సెయ్యొక్కటీ గుమ్మం ఇవతలకి సాపమను. నీ పసుపు నీళ్ళతో సేతులు కడుక్కుంటాను. పసుపు కూడా తుడవను.”

నూకాలమ్మ నా వైపు చూసింది. అవును మామ్మా, మేడమ్ ఎప్పుడూ అంతే అన్నాను.  ఆవిడ లేచి చెంబుతో పసుపు నీళ్ళు తెచ్చి మేడమ్ చేతుల మీద తనే పోసింది. కాసేపటికి వేపమండల కింద నుంచి పసుపు పూసిన చిన్న చెయ్యొకటి గుమ్మం దాటి బయటికొచ్చింది. మనిషి కనపడదు, చెయ్యొక్కటే. మేడమ్ కళ్ళు మూసుకున్నారు. నన్నూ ముఖం తిప్పుకోమన్నారు. నేను వీధి వైపు తిరిగి నిలబడ్డాను. నా వెనక, లోపలి నుంచి లోవ గొంతు వినిపించింది. “డాట్రమ్మా, నిద్దరోయేవా?” “లేదే. నీలో ఒకడు నిద్దరోతన్నాడు, ఆడిని ఎతుకుతన్నాను.” ఆ పిల్ల కిలకిలా నవ్వింది. స్కేలు అడుగుతారని చేతిలో పట్టుకుని ఉన్నాను. మేడమ్ అడగలేదు. కొలవక్కర్లేనంత పెద్ద గట్టు తగిలిందని జీపులో చెప్పారు.

ఆ రోజు మందు మాట ఎత్తలేదు. తల్లికి నీళ్ళు పోసి సాగనంపాక వస్తామని మాత్రం చెప్పి లేచారు. దారిలో నాకు కోపం ఆగలేదు. అంత పొంగు తగిలాక ఎందుకు ఊరుకున్నారని అడిగాను. “దగ్గులేదు, జొరంలేదు. నాలుగు రోజులకి మునిగిపోయిందేటీ లేదు. ఈయాల నోరిప్పితే ఎప్పటికీ మునిగిపోద్ది,” అన్నారు. నీళ్ళు పోసే రోజుకి మాకు జీపు దొరకలేదు, వేరే పనికి పంపేశారు. నేను మర్నాడు వెళ్దామన్నాను. మేడమ్ అప్పటికే బస్టాండు వైపు నడుస్తున్నారు. ఆవిడకి జ్వరం తగ్గలేదు, బస్సులో పక్కన కూర్చుంటే నాకు ఆ వేడి తెలుస్తూనే ఉంది. గొలుగొండ పేరు ఇద్దరం ఎత్తలేదు.

వెళ్ళేసరికి వేపమండలు తీసేశారు. లోవ తల తడి ఆరకముందే వీధిలో గంతులేస్తోంది. నూకాలమ్మ పీట వేసి కూర్చోబెట్టింది, చలివిడి పెట్టింది, మందు అనగానే మాత్రం అడ్డంగా తలూపింది. “తల్లే సల్లగా సూసింది. ఇంకేటీ అవ్వదు.” మేడమ్ బెల్లం పొయ్యి గురించి చెప్పారు, నేను ఇంకేదో చెప్పాను. ఆవిడ వినదు. అప్పుడు పశువుల పాక లోంచి దగ్గు వినిపించింది. జబ్బు అని తెలిశాక అప్పలనాయుణ్ణి అక్కడ పడుకోబెడుతున్నారు. ఆయన కండువా నోటికి అడ్డం పెట్టుకుని పాక గుమ్మం దాకా వచ్చాడు, అక్కడే ఆగాడు.

“అది నా కంచంలో తిన్నాదమ్మా,” అన్నాడు. “నానే ముద్దలెట్టేను. నా పక్కనే తొంగున్నాది. నాకిది తగులుకుందని నాకేటి తెలుసు?” దగ్గు తెర వచ్చి తగ్గాక మళ్ళీ అందుకున్నాడు. “దానికేటైనా అయితే నాను బతికేటి లాభం? మందియ్యండి. నాను సెప్తన్నాను కదా, ఇయ్యండి.”

నూకాలమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. ఆ ఇంట్లో ఆయన మాట పైకి లేవడం అదే మొదటిసారేమో. మేడమ్ ఆయన వైపు తిరిగి, “మరి నువ్వు మింగుతున్నావా నాయుడూ?” అని అడిగారు. ఆయన తల దించుకున్నాడు. కడుపులో తిప్పుతోందని మానేశాడట. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. మేడమ్ ఆయన్ని తిట్టలేదు. చాలా అలిసిపోయిన గొంతుతో, “కడుపులో తిప్పకుండా నాను సూత్తాను. పొద్దున్నే నువ్వు ఆ గుమ్మంలో కూకో, గుంట ఈ గుమ్మంలో కూకుంటాది. నువ్వు మింగితేనే అది మింగుతాది. నువ్వు మానేత్తే అదీ మానేత్తాది. ఇక నీ ఇష్టం,” అన్నారు. నర్సీపట్నంలో ఎక్స్‌రే తీయించాం, లోవ ఊపిరితిత్తులు శుభ్రంగా ఉన్నాయి. నిద్రలో ఉన్నది ఇంకా లేవలేదు. మందు మొదలైంది.

తర్వాత చాలా నెలలు తాత పాక గుమ్మంలో, మనవరాలు ఇంటి గుమ్మంలో, మధ్యలో వాకిలి. నూకాలమ్మ ఇద్దరికీ చెంబులతో నీళ్ళందించేదట. ఒకసారి లోవ వాళ్ళమ్మ ఫోనులో పిల్ల చేత మాట్లాడించింది. “మేడమ్ గారూ, తాతకి ఎర్రగా వత్తంది ఒంటేలు. నాకు రాట్లేదు. నాకు ఉత్తుత్తి మందిచ్చేరా?” తాత మాత్రల్లో ఒకటి మూత్రాన్ని ఎర్రగా చేస్తుంది, లోవ మాత్రలో అది లేదు. మేడమ్ ఆ రోజు పడీపడీ నవ్వారు. నాకు తెలిసి ఆవిడ అంతగా నవ్వింది ఆ ఒక్కరోజే.

అప్పలనాయుడి దగ్గు తగ్గింది, ఆయన పాక నుంచి ఇంట్లోకి వచ్చాడు. లోవ మందు పూర్తయింది. స్వీట్లు ఎవరూ పంచలేదు. ఏమీ జరగలేదు కాబట్టి ఎవరికీ ఆ సంగతి గుర్తు కూడా ఉండదు. నేను కాన్పుల వార్డు మాట మళ్ళీ ఎత్తలేదు.  ఆ పసుపు చెయ్యి గుమ్మం దాటి బయటికొచ్చినప్పుడు నేను ముఖం తిప్పుకుని ఉన్నాను. అయినా నాకు ఎప్పుడూ కనిపిస్తూనే ఉంటుంది.

మేడమ్ రిటైరయ్యాక గవరపాలెంలో అక్క కూతురి ఇంట్లో ఉండేవారు. అప్పుడప్పుడూ వెళ్ళేదాన్ని. చివరి రోజుల్లో మంచం దిగలేకపోయారు, మనుషుల్ని కూడా సరిగ్గా గుర్తుపట్టేవారు కాదు. ఒకసారి నా చెయ్యి తీసుకుని కళ్ళు మూసుకుని ముంజేతి మీద వేలితో తడమడం మొదలుపెట్టారు. నేను కదలకుండా కూర్చున్నాను. కాసేపటికి “ఆ లోవకి ఏటైనా అయ్యిందా?” అన్నారు. నేను కనుక్కుని చెప్తానన్నాను. కనుక్కునేలోపే ఆవిడ పోయారు. ఆ రోజు నాకు దుఃఖం కంటే ముందు కోపం వచ్చింది, ఆవిడ మీద కాదు, ఎవరి మీదో తెలియదు. ఇంతమందికి ఏమీ కాకుండా చూసిన మనిషికి ఒక్కటి జరిగితే, అది ఇదా అనిపించింది.

నిన్న ఆ పిల్లవాడి చేతి మీద కూడా గట్టు తగిలింది. వాళ్ళమ్మ అడగాల్సింది అడిగింది, రోగం లేనోడికి మందేటి అని. ఇంత అన్నం తినొచ్చనుకున్న మాట మర్చిపోయి కుర్చీ ఆమె దగ్గరికి జరుపుకున్నాను. నాకు చాలా అలసటగా ఉందమ్మా, కొంచెం నిదానంగా చెప్తాను, విను అన్నాను. పసుపు రాసిన అత్తగారిని కూడా ఈ రోజు తీసుకురమ్మన్నాను. వస్తుందో రాదో తెలియదు. రాకపోతే వెళ్ళాలి.

బయటికొచ్చేసరికి సాయంత్రమైంది. బస్టాండు దగ్గర కాలేజీ పిల్లలు గుంపుగా నిలబడి ఉన్నారు. నర్సీపట్నం బస్సు కదిలిపోతుంటే వెనక నుంచి ఒక అమ్మాయి బరువైన పుస్తకాల సంచితో పరుగెత్తుకొచ్చింది. “ఉండవే లోవా, పడిపోతావు,” అని ఎవరో అరిచారు. పోలికలు నూకాలమ్మవే, సందేహం లేదు. అంత దూరం పరుగెత్తి, కమ్మీ పట్టుకుని ఎక్కేసి, ఒక్క దగ్గు లేకుండా, ఆయాసం లేకుండా, కిటికీలోంచి స్నేహితులకి ఏదో అరిచి చెప్పి నవ్వింది. అదే కిలకిల. ఒక్క క్షణం నన్ను చూసింది కానీ గుర్తుపట్టలేదు. ఎందుకు గుర్తుపడుతుంది? ఆ పిల్లకి ఏమీ జరగలేదు కదా.

నేను ఆటో ఎక్కి, కమ్మీకి తల ఆనించి, కళ్ళు మూసుకున్నాను. ఏటీ అవ్వలేదు మేడమ్. ఇంక పడుకోండి.